పందెం కాసిన తమ్ముడికి

తమ్ముడు కియోహారుకి, అక్క ఆశీస్సులు.

నేను, మా అత్తయ్య, నీ మేనకోడలు మిత్సుహో ముగ్గురం క్షేమం. భూకంపానికి ఇల్లు ఒరిగింది గానీ కూలలేదు. ఊరి బడిలో తలదాచుకున్నాం. పూటపూటా వేడి మిసో సూప్ పోస్తున్నారు.

తర్వాతి పెద్ద భూకంపం ఎక్కడొస్తుందో ఇంటర్నెట్‌లో పందేలు కాస్తారనీ, నువ్వు మా తీరం మీదే కాశావనీ వేసవిలో తెలిసినప్పుడు నిన్ను గుమ్మంలోనే నిలబెట్టేశాను.

"మా చావు మీద పందెం కాసి మా ఇంటికే భోజనానికొచ్చావా? సిగ్గులేదురా?" అన్నాను.

"తిట్టక్కా, పడతాను. కాశాక, మీ తీరానికే వస్తుందనే అంచనా అంకె ఆ పందేల్లో రోజూ పెరుగుతుంటే నాకు నిద్ర పట్టట్లేదు. ఆ బీరువా ఒక్కటీ గోడకి బిగించనీ," అన్నావు.

"నా పెళ్ళినాటి బీరువాకి చిల్లులు పెడతావా?" అని అత్తయ్య కూడా దెప్పింది. అయినా చెమటలు కక్కుతూ బోల్టులు బిగించి, మంచినీళ్ళైనా తాగకుండా వెళ్ళిపోయావు.

మంగళవారం పొద్దున భూమి కదిలినప్పుడు అత్తయ్య ఆ బీరువా ముందే పడుకుని ఉంది. వంటింట్లో అల్మరాలన్నీ బోర్లాపడ్డాయి. అది మాత్రం గోడను వదల్లేదు.

పందెం గెలిచిన మొహంతో మా ముందుకు రాలేనని మిత్సుహోతో అన్నావట. ఆ డబ్బు సంగతి నేను అడగను. ఆ రోజు నేనన్న మాటలకు నన్ను క్షమించు. అత్తయ్య ప్రాణం నువ్వు నిలబెట్టిందే.

బీరువా ఎవరు బిగించారని పక్కవాళ్ళు అడిగితే ఆవిడ "మా అబ్బాయి" అంటోంది. కోడలి తమ్ముడని నేను సరిదిద్దబోతే కసురుకుంది. ఆదివారం వచ్చి ఆవిడకు కనబడు.

నీ అక్క