మార్చి సంచిక తలకిందులు

లైబ్రేరియన్ అమ్మగారికి సూది తాత నమస్కారాలు.

ఏటా ఈ నెలలో కబురు చేసేవారు. పన్నెండు నెలల పత్రికలూ కలిపి ఒక్క సంపుటంగా కుట్టి ఇచ్చేవాణ్ణి. ఈ ఏడు కబురు లేదు. ఎందుకో నాకు తెలుసు. నిరుడు మార్చి సంచికను తలకిందులుగా కుట్టాను. ఆ రోజు కళ్ళజోడు కొత్తది. మీరు పల్లెత్తు మాట అనలేదు. అదే గుచ్చుకుంటోంది. మళ్ళీ పని ఇప్పించండి.

ఇట్లు,
మీ కాలేజీ బైండరు

తా.క. చేతులు ఊరుకోక ఇంట్లో కరెంటు బిల్లులు కూడా కుట్టేశాను. పేపరునూ కుట్టేస్తానని మా ఆవిడ చదవకముందే దాచేస్తోంది.

*

తాతగారికి,

మీ మీద నాకు కోపమేమిటి? పత్రికలన్నీ ఇప్పుడు కంప్యూటర్లోనే వస్తున్నాయి. పిల్లలు ఇంట్లో కూర్చుని ఫోనులో చదువుకుంటున్నారు. కాగితమే రాకపోతే మీకేం పంపను? తలకిందుల సంగతి మీరు చెప్పేదాకా నాకు తెలియనే తెలియదు.

ఉంటాను,
లైబ్రేరియన్

తా.క. అది ఏ సంపుటం? ఊరికే చూద్దామని.

*

అమ్మగారికి,

ఏ సంపుటమని అడిగారంటే విచారణ మొదలైనట్టే. నిన్న వచ్చి కిటికీలోంచి చూశాను. చదువుకునే గదిలో కుర్చీలు బల్లలెక్కాయి. నేను కుట్టినవన్నీ పెట్టెల్లోకి సర్దుతున్నారు. ఒక్క మార్చి నెలకు ఇంత శిక్షా? బైండింగు గది తాళంచెవి, సూదులు ఇందులో పెట్టాను. ముప్పై ఒక్క ఏళ్ళలో నన్నక్కడ ఎవరూ 'ఏయ్' అని పిలవలేదు. ఆ మేలు మరిచిపోను.

సెలవు,
సూది తాత

తా.క. కుర్చీలో దిండు నాదే. ఉంచెయ్యండి. నా తర్వాత వచ్చేవాడికీ నడుముంటుంది.

*

తాతగారూ,

ముందు ఆ తాళంచెవి వెనక్కి తీసుకోండి. కుర్చీలు ఎక్కించింది గది ఊడ్చడానికి. పెట్టెల్లో సర్దింది పాత సంపుటాలకు ఫొటోలు తీసి కంప్యూటర్లో పెట్టడానికి. వేరేచోట్ల జిగురుతో అతికించారట, విప్పబోతే కాగితం చిరుగుతోందట. మీవి దారం కోస్తే చాలు, పూల రేకుల్లా విడిపోతున్నాయి. ఫొటోలవాళ్ళు మీకు దణ్ణం పెట్టమన్నారు. అన్నీ విప్పాలి, మళ్ళీ కుట్టాలి. అది మీ చేతి పనే. సోమవారం రండి.

మీ రాక కోసం చూస్తూ,
లైబ్రేరియన్

తా.క. దిండు ఎండలో వేయించాను.

*

అమ్మగారికి,

వస్తున్నాను. మీకూ, ఆ కంప్యూటరుకూ దండాలు.

మీ సూది తాత

తా.క. నేను వచ్చేదాకా ఫొటోలు ఆపించండి. తలకిందులైంది మార్చి ఒక్కటే కాదు, ఇంకో పదహారున్నాయి. ఏది ఎక్కడుందో నాకు కంఠతా వచ్చు. విప్పి సరిచేసే రోజు ఇన్నేళ్ళకు వచ్చింది.