నది చీటీలు

ఏప్రిల్ 5, 1999, సోమవారం

పొద్దున ఇస్త్రీ చేస్తుంటే ఆయన చొక్కా జేబు అంచున ఒక ఈగ. నిజం ఈగ కాదు — ట్రౌట్ చేపల కోసం చిన్న గాలానికి ఈకా దారమూ చుట్టి చేసింది. ఎర్ర దారం. ముడి ఎంత సన్నగా ఉందో... ఆయనకి అంత ఓపిక లేదు.

"సువర్చల కట్టింది," అన్నారు బూట్లు వేసుకుంటూ. "ఆఫీసులో అందరికీ తలొకటి ఇచ్చింది."

అందరికీ అంటే ఇద్దరికి. ఆయనకి, బాస్‌కి. పదిహేడున ముగ్గురూ న్యూజీలాండ్ కొండల్లోకి, చేపలు పట్టడానికి. వై-టూ-కే పనిలో మొదటి విడత ముగిసినందుకు బాస్ ఇస్తున్న వారం సెలవు.

నేనూ వస్తానంటే, "నీకు చలి పడదుగా..." అన్నారు.

బెజవాడలో పుట్టినదాన్ని. పడుతుందో లేదో నాకే తెలియదు.

ఏప్రిల్ 6

ఇక్కడ ఏడాదంతా ఉక్క. అక్కడ ఆకురాలు కాలం. మోడెమ్ కూసి కూసి కలిసింది. వాళ్లు దిగబోయే నది ఒడ్డు లాడ్జి అతను తన వెబ్ పేజీలో రోజూ నీటి సంగతి రాస్తాడు. చదివి, నాలుగు ముక్కలు టైపు చేసి, ఆయన క్యారియర్‌లో పెడతాను. బ్యాంకు పని కాబట్టి వాళ్ల ఆఫీసులో ఇంటర్నెట్ లేదు.

ఇవాళ్టి చీటీ — "నీళ్లు తగ్గి తేటగా ఉన్నాయి. అడుగు రాళ్లు కనిపిస్తాయి. పొద్దున మంచు. ఎండ నీటిని తాకాకే చేప పైకి లేస్తుంది. మీ నీడ నీటి మీద పడనీయకండి."

లైబ్రరీ నుంచి తెచ్చిన చేపల పుస్తకాలు నాలుగూ అయిపోయాయి.

ఏప్రిల్ 8

ఫోన్. సువర్చల.

"ఏమ్మా, మీ ఆయన చీటీలు భలే ఉంటున్నాయి! రోజూ లంచ్‌లో నేనే పైకి చదువుతా. ఈ మనిషిలో ఇంత ఉందని ఎవరనుకున్నారు?"

అవి నావి. నోటిదాకా వచ్చింది.

"అవునండీ," అన్నాను.

ఏప్రిల్ 9

అడిగాను. నేను రాస్తున్నానని చెప్పచ్చుగా.

"దానికేముందే? ఎవరు రాస్తే ఏం, నది అదేగా!"

ఏప్రిల్ 10, శనివారం

మా ఇంటి దగ్గరి యూ టీ రైలు స్టేషన్ వెనక మైదానంలో ముగ్గురూ గడ్డి మీదికి గాలపు దారం విసరడం నేర్చుకుంటున్నారు. నేను బెంచీ మీద, పుస్తకంతో. సువర్చల ఆయన మణికట్టు పట్టుకుంది. "అంత బలం ఎందుకండీ బాబూ! గోడకి మేకు కొడుతున్నారా?"

ఆయన నవ్వారు.

బలం వద్దు, మణికట్టు చాలని పుస్తకంలో చూసి మూడు వారాల కిందటే చెప్పాను. అప్పుడు నవ్వలేదు.

గంటసేపు అదే పేజీ.

ఏప్రిల్ 12

ఆయన సూట్‌కేసులో ఉన్ని టోపీ. నేను కొన్నది కాదు.

ఏప్రిల్ 13

చీటీ — "పైన కొండల్లో రెండు రోజులుగా వాన. నది పొంగి మట్టి రంగుకి తిరిగింది. ఈ నీటిలో చేపకి ఈగ కనపడదు. తేటపడటానికి పది రోజులైనా పడుతుంది."

మూడుసార్లు టైపు చేశాను. తప్పులు వచ్చాయి.

ఏప్రిల్ 14

ఏడింటికి వచ్చారు. బూట్లు విప్పకుండానే కూర్చున్నారు.

"మానేసినట్టే. బాస్ మొహం చూడాలి నువ్వు..."

సువర్చల సంగతి నేను అడగలేదు. ఆయనే చెప్పారు. "పాపం, ఏడ్చినంత పని చేసింది."

పాపం అన్నారు.

టికెట్లు రద్దు చేసేముందు, ఎందుకైనా మంచిదని, రేపు పొద్దున బాస్ లాడ్జికి ఫోన్ చేస్తాడట.

పప్పు వేడి చేశాను. బాగుందని మళ్లీ వేయించుకున్నారు.

అక్కడ వారం రోజులుగా చినుకు లేదు.