తాళం వేసిన కంచె లోపల మా నానమ్మ చోటు

జిల్లా భూముల అధికారి గారికి,
జిల్లా కార్యాలయం.

అర్జీదారు: మ్వంటుము కోండో పాజీ, వయసు 20, కిలుంబాని గ్రామం.
తేదీ: 14 జనవరి 2013

విషయం: అడవి ఆముదం కంపెనీ కంచె లోపల ఉన్న మా సమాధుల స్థలాన్ని కొత్త కంపెనీకి ఇవ్వకుండా మినహాయించుట, మా నానమ్మ టాబును అక్కడ ఖననం చేయుటకు ముందస్తు అనుమతి కోరుట గురించి.

అయ్యా,

మా నానమ్మ ఇంకా బతికే ఉంది. అందువల్లనే ఈ అర్జీ ఇప్పుడు రాయవలసి వచ్చింది. మా మతాచారం ప్రకారం మనిషి పోయిన రోజే పాతిపెట్టాలి. తమ కార్యాలయంలో కాగితం ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదికి చేరడానికి అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. ఇది ఫిర్యాదుగా చెప్పడం లేదు, రెండు కాలాలూ పొసగవని మాత్రమే మనవి చేస్తున్నాను. నానమ్మ గుండె వాచిందనీ, మార్చిలో మొదలయ్యే పెద్దవానలు చూడడం కష్టమనీ డాక్టరు గారు చెప్పారు. మార్చి ఒకటిన కొత్త కంపెనీ వారు ఆ భూమిని చదును చేస్తారని గ్రామ కార్యాలయం గోడ మీద నోటీసు అంటించారు. మా ఇంట్లో చదువుకున్నదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి నేను రాస్తున్నాను.

మా ఇబ్బందులు ఈ విధంగా ఉన్నవి:

1. 2007లో అడవి ఆముదం గింజల నుంచి ఇంధనం తీసే కంపెనీ వారు వచ్చినప్పుడు బడి ఆవరణలో సభ జరిగింది. నేను అప్పుడు ఏడో తరగతి. ఊరికి దవాఖానా కావాలా అని అడిగితే అందరూ చేతులెత్తారు. బావి కావాలా అంటే మళ్ళీ ఎత్తారు. ఆ చేతులనే భూమి ఇవ్వడానికి కూడా లెక్కవేసినట్టు తరవాత తెలిసింది. దవాఖానా రాలేదు. బావి సగం తవ్వి వదిలేశారు, అందులో ఇప్పుడు కప్పలు ఉంటున్నవి. మా పెద్దలు అతిథికి చేను ఇచ్చినట్టు ఇచ్చామనుకున్నారు. అతిథి వెళ్ళిపోతే చేను ఇంటికి వస్తుంది. కానీ కంపెనీకి ఇవ్వడం కోసం దాన్ని గ్రామభూమి లెక్కలో నుంచి తీసి ప్రభుత్వభూమి లెక్కలో కలిపారట. కంపెనీ పోయినా అది తిరిగి రాదని తమ కార్యాలయంలోనే చెప్పారు.

2. కంపెనీ తరఫున సర్వే చేయడానికి వచ్చిన తెల్లదొరగారు మా సమాధుల దగ్గర ఆగి చాలా సంతోషించారు. అక్కడ అడవి ఆముదం ఇంటి కప్పంత ఎత్తు పెరిగి ఉంది. దాన్ని మా ఊళ్ళో సమాధి ఆముదం అనే అంటామని తమకు తెలిసినదే. మేక ముట్టదు, ఎండకు చావదు, కొమ్మ విరిచి గుచ్చితే బతుకుతుంది. అందుకే తలవైపు ఒకటి, కాళ్ళవైపు ఒకటి నాటుతాం. దొరగారు దుబాసీ చేత మా నానమ్మను అడిగించారు.

"ఈ గింజలు ఎవరు కోసుకుంటారు?"

"ఎవరూ కోయరు."

"ఎందుకని?"

"అవి వాళ్ళవి."

దొరగారు గింజలు వృథా అవుతున్నవని రాసుకున్నారు. ఈ నేలకు ఈ పంట బాగా నప్పుతుందనడానికి ఆ చెట్లనే రుజువుగా చూపించారని విన్నాం. ఇప్పటి నోటీసులో అవే చెట్లు "పాత కంపెనీ నాటిన తోట" అని ఉన్నవి. అయ్యా, కంపెనీ నాటినవి మూడేళ్ళకే ఎండిపోయినవి. నిలబడి ఉన్నవి మావి. మా తాత తలవైపు చెట్టు 1989లో మా నానమ్మ స్వయంగా నాటింది. అదే రోజు ఆయన పక్కన తన కోసం కూడా ఒక కొమ్మ గుచ్చుకుంది. ఆ చెట్టు ఇరవై ఏళ్ళు దాటి నీడ ఇస్తున్నది. దాని కింద ఇంకా ఎవరూ లేరు.

3. 2010లో నానమ్మ సవతి హలీమా కాలం చేసింది. పాడె మోసుకుని కంచె గేటు దగ్గరకు వెళ్ళేసరికి కంపెనీ వాచ్‌మన్ మిహాయో అడ్డంగా నిలబడ్డాడు. మిహాయో న్యామ్వేజీ తెగవాడు. వాళ్ళకూ మాకూ తాతల నాటి నుంచి వేళాకోళం వరస. మాలో ఎవరు పోయినా గొయ్యి తవ్వేదీ, దారికి అడ్డుపడి తిట్టి నవ్వించేదీ, నాణెం పుచ్చుకుని దారి వదిలేదీ వాళ్ళే. కాబట్టి అందరూ నవ్వారు.

"ఒరే మోతగాడా," అంది నానమ్మ, "జన్మంతా పరాయి మూటలు మోసిన జాతి మీది. ఇవాళ మోత మాది. పక్కకు జరుగు."

మా చిన్నాన్న నాణెం తీసి చాపాడు. మిహాయో తీసుకోలేదు.

వేళాకోళం వరసవాడు నాణెం వద్దనడం మేము చూడడం అదే మొదటిసారి. అక్కడ నవ్వు ఆగిపోయింది.

"ఇది వేళాకోళం కాదు బీబీ," అన్నాడు. "తాళంచెవి మేనేజర్ దగ్గరుంది. మేనేజర్ దార్ ఎస్ సలాంలో ఉన్నాడు. నన్ను తిట్టు, పడతాను. తాళం మాత్రం నా చేతిలో లేదు."

పొద్దు వాలుతున్నందున హలీమాను ఫుట్‌బాల్ మైదానం చివర, గోలు స్తంభాల వెనక పెట్టాం. ఇప్పటికీ బంతి అటు పోతే పిల్లలు ఆమెకు సలాం చెప్పి తెచ్చుకుంటారు. పిల్లల తప్పేమీ లేదు. అది సమాధి ఉండవలసిన చోటు కాదు.

4. కంపెనీ 2011లో వెళ్ళిపోయింది. తాళంచెవి కూడా వెళ్ళిపోయింది. తాళం ఉంది. జీతం లేకపోయినా మిహాయో ఉన్నాడు. కాపలా మానమని అతనికి ఎవరూ ఉత్తరం రాయలేదు, మానితే పాత జీతం అడిగే హక్కు పోతుందని అతని భయం. కిందటి ఏడు ఊరి కుర్రాళ్ళు కంచె తీగ కత్తిరిస్తే పోలీసులు పట్టుకెళ్ళారు. అది ఎవరి కంచె అని కుర్రాళ్ళు అడిగితే స్టేషన్‌లో ఎవరూ చెప్పలేకపోయారు. అయినా రెండు రాత్రులు ఉంచారు.

5. డిసెంబరులో నేను తమ కార్యాలయానికి వచ్చాను. గుమాస్తా గారు మర్యాదగానే మాట్లాడారు.

"ఎవరు పోయారమ్మా?"

"ఎవరూ పోలేదండీ. మా నానమ్మ పోబోతున్నది."

"అయితే పోయాక రండి. ఖననం అర్జీకి మరణ ధ్రువపత్రం జతచేయాలి."

ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే నానమ్మ ఇలా అంది:

"పొద్దున చస్తే సాయంత్రానికి కాగితం చేతిలో పెడతాడేమో కనుక్కో. పెడతానంటే పొద్దున్నే చస్తా."

బస్సెక్కి మళ్ళీ వచ్చి అడిగాను. హామీ ఇవ్వలేమనీ, శుక్రవారమైతే అసలే కుదరదనీ అన్నారు.

6. మా నానమ్మ అడిగేది దవాఖానా కాదు, బావి కాదు, కంపెనీ దగ్గర రావలసిన పరిహారం కూడా కాదు. అవన్నీ ఊరి తరఫున వేరే అర్జీలలో ఉన్నవి, జవాబు కోసం చూస్తున్నాం. ఆమెకు కావలసింది మా తాత పక్కన ఒక మనిషి పట్టేంత నేల. ఆ నేల ప్రభుత్వభూమి అయితే, ఆమె కూడా ఈ ప్రభుత్వపు మనిషే అని మనవి.

కాబట్టి తమరు దయతో విచారించి, సమాధుల స్థలాన్ని నోటీసులో నుంచి తొలగించి, గేటు తెరవడానికి ఉత్తర్వు ఇప్పించవలసిందిగా వేడుకుంటున్నాను. ఈ నాలుగు మాటలూ చిత్తగించవలెను.

ఇట్లు
తమ విధేయురాలు,
మ్వంటుము కోండో పాజీ

తా.క.: ఈ అర్జీని నానమ్మకు చదివి వినిపించాను. మిహాయో కూడా వచ్చి అరుగు మీద కూర్చుని విన్నాడు.

"బాగానే రాశావు," అంది నానమ్మ. "ఆయన జవాబివ్వకపోతే?"

"నీ గొయ్యి తవ్వాల్సింది నేనే కదా, కొబ్బరిపీచు ముసలీ," అన్నాడు మిహాయో. "బయటివాళ్ళు లోపలికి రాకూడదని నాకు కంపెనీ రాసిచ్చింది. లోపలున్నవాడు తవ్వకూడదని రాయలేదు."

"తవ్వుతావు సరే. నన్ను లోపలికెలా తెస్తావురా?"

"గేటును బందుల మీద నుంచి ఎత్తి భుజాన వేసుకుంటా. మోత మా జాతి పనేనన్నావుగా. తాళం ముట్టను. తాళం తాళంలాగే ఉంటుంది."

"నాణెం పుచ్చుకుంటావా ఈసారి?"

"నీలాంటిదానికైతే రెండు."

నానమ్మ అప్పుడే రెండు నాణేలు కట్టుబట్ట కొంగున ముడివేసుకుంది.

అయ్యా, అతను మాట తప్పడు. తీగ కత్తిరించినందుకే రెండు రాత్రులు ఉంచారు. గేటు ఎత్తినవాడిని ఎన్నాళ్ళు ఉంచుతారో నాకు తెలియదు. అతనికి అయిదుగురు పిల్లలు. అతని చేత ఆ పని చేయించకుండా ఉండేందుకు, తమ జవాబు ఫిబ్రవరి 20వ తేదీ లోపల మాకు అందేటట్టు చూడవలసిందిగా కోరుతున్నాను. అంతవరకు ఆగుతానని నానమ్మ ఒప్పుకుంది.