ముక్కు కొలత

తిరుపతి, గురువారం. పడుకునే ముందు.

ముక్కు కొలిచి మనిషి జాతి చెప్పొచ్చని ఒకప్పుడు నమ్మేవారని, అదంతా అబద్ధమని ఈరోజు మానవశాస్త్రం క్లాసులో చెప్పాను. చెప్పి ఊరుకున్నా సరిపోయేది. కాలేజీ బీరువాలోంచి ఆ పాత పరికరం తీశాను, పటకారులా ఉంటుంది. పిల్లలు నవ్వుతూ ఒకరి ముక్కు ఒకరు కొలిచి, కులాలు చెప్పడం మొదలుపెట్టారు. పాకాల నుంచి రోజూ రైల్లో వచ్చే రేవతి చున్నీతో ముక్కు కప్పుకుంది.

"నాకు వద్దు మేడం," అంది.

పరికరం లాక్కున్నాను. అప్పటికే అందరూ ఆమెనే చూస్తున్నారు.

ఇంటికొస్తే అమ్మ, చెల్లెలి నెలపాపను కాళ్ల మీద పడుకోబెట్టుకుని నూనె రాస్తోంది. చిన్న ముక్కును రెండు వేళ్లతో పట్టి పైకి లాగుతోంది.

"వద్దమ్మా, వదిలెయ్." గట్టిగానే అన్నాను.

"ఎందుకే అట్ల అరుస్తావు? నీకూ ఇట్లనే తీసినాను. లేకుంటే మీ నాయన చప్పిడి ముక్కే వచ్చుండేది."

లోపలికి వెళ్లి ముఖం కడుక్కున్నాను. అద్దంలో నా ముక్కు నిటారుగా ఉంది. అమ్మ లాగడం వల్ల కాదని నాకు తెలుసు, రోజూ పాఠం చెప్పేదాన్ని. అయినా హమ్మయ్య అనిపించింది.

రేపు మొదటి పీరియడ్ రేవతి వాళ్లకే.