జాబితాలో లేని పుస్తెలు

యానాం, గురువారం రాత్రి

రిటైరైన రేడియాలజిస్టును, నన్ను మళ్ళీ పరీక్షకు కూర్చోబెట్టారు. మనవరాలు ఇప్పించిన పని ఇది. ఇంట్లోనే ఉండి, ఎక్స్‌రేలో ఏది ఏమిటో గుర్తుపెట్టి కంప్యూటర్‌కు నేర్పాలి. ఈ వారం తప్పులొస్తే పనిలోకి తీసుకోరు.

ఇవాళ ఒకావిడ ఛాతీలో రెండు గుండ్రటి తెల్లమచ్చలు చూసి కంప్యూటర్ "మింగిన నాణేలు" అంది. ఎక్స్‌రే తీసేటప్పుడు కూడా మన ఆడవాళ్ళు మెడలోవి తీయరని దానికేం తెలుసు? కొట్టేసి "పుస్తెలు" అని రాశాను. తప్పని వచ్చింది.

సాయంత్రం, తనిఖీ చేసే ఢిల్లీ డాక్టరమ్మ వీడియోలో, "ఆ మాట మా జాబితాలో లేదు మేడమ్" అంది. నా మెడలోవి పైకి లాగి కెమెరాకు చూపించాను.

"ఇవి మింగేవి కావమ్మా, మోసేవి."

ఆవిడ పడీపడీ నవ్వింది. పుస్తెలను జాబితాలోకి, నన్ను పనిలోకి చేర్చుకుంది.

పక్క గదిలోంచి మా ఆయన, "చూసేవా, నేను కట్టినవి కంప్యూటర్లోకి ఎక్కేశాయి" అన్నారు.

"కట్టింది మీరే. జారకుండా ముడి బిగించింది మాత్రం మీ అక్కండీ."

రేపు ఎవరి నల్లపూసలు చూసి రాళ్ళు మింగిందంటుందో ఆ కంప్యూటర్... అననీ. నేనున్నాగా.