పేరు గట్లనే ఉంది, మల్లేష్

పటాన్‌చెరు,
15-6-2025, ఆదివారం.

మల్లేష్‌కు,

జావీద్ సలాం. అరుణమ్మ పెద్దమ్మకు నా దండాలు చెప్పు. హర్షిణికి దీవెనలు. ఇక్కడ ఫరహత్, పిల్లలు, నేను బాగానే ఉన్నాం. నువ్వు నా నంబరు బ్లాక్ చేసి పదహారు నెలలైంది, అందుకే పోస్టాఫీసు గడప తొక్కాల్సి వచ్చింది. చింపేసే ముందు ఒక్కసారి చదువు, నీకు పుణ్యముంటది.

మొన్న మీ హర్షిణి మన లారీ ఫొటోల పేజీ చూసి నాకు మెసేజ్ పెట్టింది. జావీద్ చిచ్చా, మా బాపు పేరు ఇంకా ముందుగాల్నే ఉంది గద, మరి నువ్వు తీసేసినవ్ అంటడేంది అని అడిగింది. ఆ పిల్లకు కాదు, నీకే రాయాలని ఈ కాగితం తీశాను.

'మల్లేష్‌జావీద్_ముత్తంగి'. ఆ పేరు పెట్టిన రోజు గుర్తుందా? ఫ్యాక్టరీ గేటు దగ్గరే మన ఫోన్లు పెట్టెలో వేయించుకునేవాళ్లు కదా. అన్నం గంటలో నీ స్టోర్స్ కంప్యూటరు ముందు కూర్చుని ఖాతా తెరిచాం. మెయిల్ అడిగితే కంపెనీ నీకిచ్చిందే కొట్టేశాం. కొలువు పోతే ఆ మెయిల్ కూడా పోతుందన్న అకల్ ఇద్దరిలో ఒక్కడికైనా ఉందా! మెయిల్ నీది కాబట్టి పేరు కూడా నీదే ముందుండాలన్నాను. నువ్వు సిగ్గుపడి, ఏందిరా గది, నీదే పెట్టు అన్నావు.

ఆదివారం వచ్చిందంటే ముత్తంగి జంక్షనే. లారీల వెనక నెమళ్లు, డేగలు, డ్రైవర్లు రాయించుకున్న రాతలు. నువ్వు మాట కలిపి బండి ఆపించేవాడివి, నేను ఫొటో కొట్టేవాణ్ణి. ఆ రాజస్థాన్ డ్రైవరు మనల్ని ఆర్టీవో మనుషులనుకుని కాగితాలన్నీ చేతిలో పెడితే, నువ్వు నిజంగానే తిరగేసి, సబ్ ఠీక్ హై అన్నావు చూడు! ఇప్పటికీ తలుచుకుంటే నవ్వు ఆగదు. పేజీ చూసేది నలభై మందే, అయినా ఎంత ఖుషీగా ఉండేవాళ్లం! ఆ రోజులు మళ్లీ కావాలిరా నాకు.

పోయినేడు ఫిబ్రవరిలో మెయిల్ మార్చింది నేనే. ఈ మెయిల్‌ను ఖాతా నుంచి తొలగించాం అని నీ కంప్యూటరుకు సందేశం రాగానే, మా టైమ్ ఆఫీసుకు బుసలు కొడుతూ వచ్చావు. నాకు తెల్వకుండ నన్నే ఎల్లగొట్టినవ్ కదరా అని అందరి ముందరా అన్నావు. పేరు గట్లనే ఉంది, ఫొటోలు గట్లనే ఉన్నయ్, జెర సూడు అన్నాను. నువ్వు చూడలేదు. మరి మెయిలెందుకు మార్చినవ్ అన్నావు. నేను హాజరు పట్టీ ముందుకు లాక్కుని రాసుకుంటూ కూర్చున్నాను. తర్వాత తొమ్మిది రోజులకు నీ కొలువు పోయింది, మన మాటలూ పోయాయి.

ఇప్పుడు నీ సొంత మెయిల్ ఒకటి పంపు, దాన్నే పెడతాను. పేరులో ఒక్క అక్షరం కదలదు, ఒకసారి మెయిల్ మార్చి చూసినవాణ్ణి కదా. కావాలంటే నన్ను బయటికి నెట్టెయ్. పేజీని మాత్రం వదలకు.

నువ్వు తిట్టినా నీవాడే,
జావీద్

తా.క.: సంతకం పెట్టాక కూడా అసలు మాట కడుపులోనే ఉండిపోయింది. మెయిల్ ఎందుకు మార్చానని అడిగావు కదా. కొలువులోంచి తీసేసేవాళ్ల జాబితా టైపు చేసింది నేనే. పదకొండో పేరు నీది. బయట చెప్తే పన్నెండో పేరు నాదే అవుతుందని మేనేజరు బెదిరించాడు. నీ మెయిల్ మూసేస్తారని ఆ సాయంత్రమే పేజీని కాపాడుకున్నాను, నీకు మాత్రం చెప్పలేదు. ఆ వారమే జిన్నారంలో ఒక కంపెనీ స్టోర్స్‌కు మనుషుల్ని తీసుకుంది. అది కూడా నాకు తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నాను. మాఫ్ చెయ్యరా, మల్లేష్.