మధ్యలో మూడో మనిషి

మార్చి 4
తెరెసాగారి కిటికీ అద్దానికి లోపలివైపు ఆవిరి. పొద్దున ఆవిడ దాని మీద వేలితో తాము పుట్టిన ద్వీపం గీసింది. చూస్తుండగానే కారిపోయింది.
ఆ ద్వీపం భాష మాట్లాడేవాళ్లు ఇక ఇద్దరే — ఆవిడ, తమ్ముడు లూకస్. ఇద్దరూ ఇక్కడే, పోర్ట్‌లాండ్‌లో, పక్కపక్క బిల్డింగుల్లో. భాష పోకుండా ఆవిడ గొంతు చాలానే రికార్డు చేశాను. ఇద్దరి మధ్య సంభాషణ మాత్రం ఒక్కటీ లేదు.

మార్చి 9
తప్పు చేశాను. ఇద్దరినీ ఒకే సోఫాలో కూర్చోబెట్టాను. నేలచూపులు. రికార్డర్‌లో ఫ్రిజ్ చప్పుడు... లూకస్‌గారు లేచి వెళ్లిపోయారు.
తర్వాత తెరెసాగారు చెప్పారు — "ఆడామగా తోబుట్టువులు ఎదురెదురుగా మాట్లాడుకోరు. మర్యాద." మధ్యలో మూడో మనిషి ఉండాలట. లూకస్‌గారి భార్య ఉండేదట. ఆవిడ పోయింది.
మా అమ్మమ్మ కూడా బావగారి ఎదుటికి వచ్చేది కాదు. తలుపు చాటు నుంచి, నాతో అన్నట్టుగా అనేది. నాకే తట్టాల్సింది.

మార్చి 15
రూమ్మేట్ శ్రావ్య — "ఎనభై ఏళ్లావిడని అక్కా అంటావేంటే? నన్ను బామ్మా అనేట్టున్నావ్."
పెద్దవాళ్లను పేరు పెట్టి పిలవడం నావల్ల కాదు. అమ్మమ్మా అనబోతే ఆవిడే — "వద్దు. మనవరాళ్లెవరికీ మన మాట రాదు. అక్కా అను." వాళ్ల మాటలోనే అంటున్నాను. అన్నప్పుడల్లా నవ్వుతుంది.

మార్చి 22
ఆస్పత్రి. తెరెసాగారికి దగ్గు. రికార్డర్ తీయలేదు. చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

మార్చి 27
తెరెసాగారు పోయారు.

ఏప్రిల్ 6
లూకస్‌గారి గుమ్మం. నన్ను చూసి తల దించుకుని లోపలికి వెళ్లిపోయారు. మనవరాలు నీనా బయటికొచ్చింది.
"సారీ. తాత నీతో మాట్లాడడు. తెరెసా ఆంటీని అక్కా అన్నావుగా... ఇప్పుడు నువ్వు ఆయనకి చెల్లెలివి."
ఆ పిలుపు వెనక్కి తీసుకోవచ్చా?
"చుట్టరికానికి అన్‌డూ ఉండదు."
పోనీ, నువ్వు మధ్యలో ఉండు నీనా.
"నాకు ఆ భాషలో రెండే మాటలొచ్చు. తిను. నోర్ముయ్."

ఏప్రిల్ 7
మళ్లీ వెళ్లాను. తలుపు ఇవతల, మెట్ల మీద. వాన. లోపల ఆయన గొంతు, ఆ భాషలోనే — నాతో కాదు. ఎవరితో... సగం కూడా అర్థం కాలేదు. రికార్డర్ కోసం బ్యాగులో చెయ్యి పెట్టాను, ఉత్త చెయ్యే తీశాను. అడగకుండా ఎలా. అడగడం ఎలా.

ఏప్రిల్ 9
ఆ భాష వచ్చిన మూడో మనిషి కావాలి. లేరు. ఎక్కడా లేరు.
నీనా అడిగింది — "నీకు నిజం బ్రదర్ లేడా?"
ఉన్నాడు. అల్ఫారెట్టాలో. చాలా కాలంగా మేం అమ్మ ద్వారానే మాట్లాడుకుంటున్నాం.